వీల్ తర్వాత కొనొచ్చు, ముందు బ్రేక్ నేర్చుకోండి: డెల్టా కుర్రాళ్ల సిమ్ రేసింగ్ గురించి ఒక మాట

సిమ్ రేసింగ్ నేర్చుకుందామని యూట్యూబ్‌లో వెతికితే ముందు వచ్చే వీడియోల్లో చాలావరకు కొనుగోళ్ల గురించే ఉంటాయి. ఏ వీల్ కొనాలి, ఏ పెడల్స్ కొనాలి, ఏ సీటు కొనాలి. కారు ఎలా నడపాలో చెప్పే వీడియో దగ్గరికి వచ్చేసరికి మన షాపింగ్ కార్టులో ముప్పై వేల సరుకు చేరిపోయి ఉంటుంది. గ్యాడ్జెట్ రివ్యూలు రాసే చోట ఈ మాట అనడం కాస్త వింతగానే ఉంటుంది. అయినా అంటున్నా: ఈ వరస తలకిందులుగా ఉంది.

ముఖ్యంగా మన బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఈ ట్యుటోరియల్స్ రెండు చోట్ల సరిపోవడం లేదు. ఒకటి, నేర్పకముందే కొనిపిస్తున్నాయి. రెండోది ఇంకా పెద్దది: చూసేవాడికి కారు నడపడం వచ్చేసినట్టే అనుకుని మొదలవుతున్నాయి. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదివే మన కుర్రాడికి స్ప్లెండరో, యాక్టివానో వచ్చు. కొందరికి ట్రాక్టర్ కూడా వచ్చు. కారు స్టీరింగ్ పట్టినవాళ్లు తక్కువ. పట్టినా, టైర్లు జారే దాకా నడిపినవాళ్లు ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా.

ఇది ఫోన్‌లో ఆడే రేసు కాదు

ఫోన్‌లో అస్ఫాల్ట్ ఆడినవాళ్లకు ఒక్క ముక్కలో తేడా చెప్పాలంటే, అందులో కారు మనం చెప్పినట్టు వింటుంది. సిమ్‌లో భౌతికశాస్త్రం చెప్పినట్టు వింటుంది. టైరు వేడి, కారు బరువు, బ్రేక్ మీద పెట్టిన ఒత్తిడి, రోడ్డు మీద గతుకు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇటలీకి చెందిన కునోస్ సిములాజియోని 2014లో పూర్తిగా విడుదల చేసిన అసెట్టో కోర్సా, 2008లో మొదలైన ఐరేసింగ్, ప్లేస్టేషన్‌లో గ్రాన్ టురిస్మో 7 ఈ దారిలోవే. తీరు కొంచెం అటూ ఇటూ ఉన్నా, మూడింటిలోనూ తప్పుగా బ్రేక్ వేస్తే కారు బయటికి పోతుంది.

తెలుగువాళ్లకు రేసింగ్ మరీ దూరం విషయం కూడా కాదు ఇప్పుడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. మన దేశంలో అదే మొదటి ఫార్ములా ఈ రేసు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ మార్గ్ తెలిసినవాళ్లు ఆ మలుపులు టీవీలో చూసి ఆశ్చర్యపోయారు. 2024లో మళ్లీ జరగాల్సింది రద్దయింది. నిజం ట్రాక్ కావాలంటే బందరు నుంచి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటకు నాలుగు వందల కిలోమీటర్లకు పైనే పోవాలి. అక్కడికి పోయినా కారు, లైసెన్సు, ఎంట్రీ ఫీజు, టైర్లు అన్నీ డబ్బే. అందుకే మన ఇంటి టేబుల్ మీద ఉన్న కంప్యూటరే మన ట్రాక్. దాన్ని సరిగ్గా వాడుకోవడం గురించే ఈ గోల.

కొనిపించే పాఠాలు

వీల్ వీడియోలు చెడ్డవని అనడం లేదు. లింక్ నొక్కి కొంటే వీడియో చేసినవాళ్లకు కమీషన్ వస్తుంది. బ్రేక్ ఎలా వదలాలో చెబితే ఏమీ రాదు. కాబట్టి ఏ వీడియోలు ఎక్కువ తయారవుతాయో పెద్దగా ఆలోచించక్కర్లేదు.

అందరూ చెప్పే మొదటి వీల్ లాజిటెక్ జీ29. 2015లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముడుపోతోంది. మన దగ్గర ఎక్కువగా పాతిక, ముప్పై వేల మధ్య కనిపిస్తుంది. దాని మీద 5.5 న్యూటన్ మీటర్ల మోజా ఆర్5 లాంటి డైరెక్ట్ డ్రైవ్ కావాలంటే ఖర్చు ఇంకా పైకి పోతుంది. మన ఇళ్లల్లో అది చిన్న మొత్తం కాదు. కొన్ని ఇళ్లల్లో ఒక సెమిస్టర్ ఫీజు. కొన్న మూడు నెలలకే ఆసక్తి పోయి, అట్టపెట్టెలో పెట్టి సెకండ్ హ్యాండ్‌కు పెట్టే వీల్స్ చూస్తూనే ఉన్నాం. నేర్చుకోవడం మొదలవకముందే డబ్బు అయిపోవడం దీని అసలు నష్టం. ఇంట్లో "మళ్లీ ఏదో కొంటానంటాడు" అనే మాట ఒకసారి పడితే తర్వాత కొనాల్సిన నిజమైన వస్తువు కూడా రాదు.

నా అభిప్రాయం సూటిగా: మొదటి రెండు నెలలు గేమ్‌ప్యాడ్ చాలు. మూడు నుంచి ఐదారు వేలలో మంచిది వస్తుంది. దాని వెనక ట్రిగ్గర్లు ఎంత నొక్కితే అంత బ్రేక్, అంత యాక్సిలరేటర్ ఇస్తాయి. కీబోర్డు మాత్రం వద్దు. కీకి నొక్కడం, వదలడం రెండే తెలుసు. సగం బ్రేక్ అనేది దానికి తెలియదు. సిమ్ రేసింగ్‌లో నేర్చుకోవాల్సిందంతా ఆ సగంలోనే ఉంది. అసెట్టో కోర్సా పాత గేమ్ కాబట్టి నాలుగైదేళ్ల కిందటి గేమింగ్ ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. కొత్త గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు.

మనకు బండి వచ్చు, కారు రాదు

ఇప్పుడు అసలు విషయం. ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో మంచివి చాలా ఉన్నాయి. స్కాట్ మాన్సెల్ నడిపే డ్రైవర్61 చానల్‌లో ట్రాక్ డ్రైవింగ్ సూత్రాలు వరసగా చెబుతారు. సువెల్లియో అల్మేడా సంగీతం నుంచి సిమ్ కోచింగ్‌కు వచ్చినవాడు, వివరంగా విడమరిచి చెబుతాడు. జిమ్మీ బ్రాడ్‌బెంట్ ఇంటి పెరట్లో ఉన్న చెక్క షెడ్డు నుంచి వీడియోలు చేసి పేరు తెచ్చుకున్నాడు. వీళ్లు చెప్పేదాంట్లో లోపం వెతకడం నా ఉద్దేశం కాదు. "బరువు ముందుకు రావడం ఫీలవ్వండి" అని వాళ్లు అన్నప్పుడు, కారు డ్రైవింగ్ అలవాటున్న మనిషికి ఒంట్లో ఏదో గుర్తొస్తుంది. మనకు ఏమీ గుర్తురాదు. సబ్‌టైటిల్స్ తెలుగులోకి మార్చి చూసినా గుర్తురాదు. మాట అర్థం కావడం వేరు, ఒంటికి తెలియడం వేరు.

కానీ మన ఒంటికి తెలిసినవి వేరే ఉన్నాయి. దివిసీమలో రేవు దాటే పడవ ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు: అందరూ ఒక్కసారి ముందుకు జరిగితే ముక్కు కిందికి దిగుతుంది, వెనక భాగం తేలుతుంది. కారులో బ్రేక్ నొక్కితే అదే జరుగుతుంది. బరువు ముందు టైర్ల మీద పడుతుంది, వాటికి పట్టు పెరుగుతుంది. వెనక టైర్లు తేలికవుతాయి. యాక్సిలరేటర్ నొక్కితే దీనికి తిరకాసు. బైకు వెనక బియ్యం బస్తా వేసుకుని వెళ్లినప్పుడు హ్యాండిల్ తేలిపోయినట్టు ఉంటుంది చూడండి, అది. మలుపు మధ్యలో గ్యాస్ ఎక్కువ ఇస్తే కారు తిరగకుండా నేరుగా ఎందుకు పోతుందో ఇక్కడే అర్థమవుతుంది.

రెండో సూత్రం టైరు పట్టు. ఒక టైరుకు ఉండే పట్టు కాలువలో వదిలిన నీళ్లలాంటిది. ఉన్నది ఇంతే, దాన్నే పంచుకోవాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలింది పైవాళ్లే మొత్తం వాడేసుకుంటే నాగాయలంక, కోడూరు శివారుకు చుక్క రాదు కదా. అలాగే టైరు పట్టు మొత్తం బ్రేక్‌కే ఖర్చు పెడితే తిరగడానికి ఏమీ మిగలదు. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు వినదు. కొత్తవాళ్లు అప్పుడు ఇంకా ఎక్కువ తిప్పుతారు. చేయాల్సింది బ్రేక్ కొంచెం వదలడం.

ఈ రెండూ కలిస్తే వచ్చేదే ట్రెయిల్ బ్రేకింగ్. ట్యుటోరియల్స్‌లో ఇదేదో రహస్య విద్యలా చెబుతారు. మాటల్లో తేలికే: నేరుగా ఉన్నప్పుడు గట్టిగా నొక్కు, స్టీరింగ్ తిప్పుతున్న కొద్దీ బ్రేక్‌ను కొంచెం కొంచెంగా వదులు. కాలువ తూము ఒక్కసారి మూసేయకుండా దించుతూ రావడం లాంటిది. మనకు ఇది ఎందుకు కష్టమంటే, బైకు మీద మన అలవాటు దీనికి ఎదురు. చాలామంది కాలి బ్రేక్‌ను మెల్లగా మొదలుపెట్టి, ఆగే ముందు గట్టిగా నొక్కుతారు. సిమ్‌లో కారుకు మొదట గట్టిగా, చివర మెత్తగా కావాలి. ఏ ఇంగ్లీషు వీడియోలోనూ ఈ ముక్క ఉండదు, ఎందుకంటే వాళ్ల శిష్యులు స్ప్లెండర్ మీద నుంచి దిగి రాలేదు.

ఇంకో లెక్క కూడా ఒంటికి ఎక్కాలి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లు. టైరు పట్టు ఒకేలా ఉందనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల దగ్గర 40 మీటర్లలో ఆగే కారు 200 దగ్గర దాదాపు 160 మీటర్లు తీసుకుంటుంది. "ఇంకాస్త ఆగి బ్రేక్ వేస్తే టైమ్ వస్తుంది" అనుకునేవాళ్లు ట్రాక్ పక్క గడ్డిలో తేలేది ఈ లెక్క తెలియకే.

ఒక కారు, ఒక ట్రాక్, ఒక పాఠం

ట్యుటోరియల్స్‌తో వచ్చే రెండో జబ్బు, ఎక్కువ చూడటం. రాత్రి రెండు గంటలు వీడియోలు, పది నిమిషాలు డ్రైవింగ్. చూస్తున్నంతసేపూ వచ్చేసినట్టే ఉంటుంది. ఈత వీడియోలు చూసి కృష్ణలో దూకేవాడు ఉండడు, కానీ రేసింగ్ దగ్గర అదే పని చేస్తాం.

ఇలా చేసి చూడండి. అసెట్టో కోర్సాలో అబార్త్ 500 లాంటి చిన్న కారు, ఇటలీలోని మాజియోనె ట్రాక్ తీసుకోండి. ట్రాక్ రెండున్నర కిలోమీటర్లే. ఐరేసింగ్‌లో అయితే కొత్తవాళ్లకు మాజ్డా ఎంఎక్స్-5 ఉండనే ఉంది. ఫెరారీలు, ఫార్ములా కార్లు నెల రోజులు ముట్టుకోవద్దు. వేగం తక్కువున్న కారులో తప్పు కంటికి కనిపిస్తుంది. వేగం ఎక్కువున్న కారులో తప్పు కనిపించేసరికి గోడ వచ్చేస్తుంది.

మొదటి వారం టైమ్ చూడొద్దు. ట్రాక్ దాటకుండా వరసగా పది ల్యాప్‌లు పూర్తి చేయడమే పని. రెండో వారం ఒక్క మలుపు ఎంచుకోండి. ఏ బోర్డు దగ్గర, ఏ గుర్తు దగ్గర బ్రేక్ వేస్తున్నారో నోటితో చెప్పగలగాలి. మూడో వారం రీప్లే పెట్టి, బయటి కెమెరా నుంచి మీ కారే మీరు చూసుకోండి. అప్పుడు ఒక ట్యుటోరియల్ చూడండి. ఒక్కటే. దాంట్లో ఒక్క విషయం తీసుకుని మళ్లీ యాభై ల్యాప్‌లు. తెర మీద కనిపించే "డెల్టా" ఇప్పుడు పనికొస్తుంది. ఇక్కడ డెల్టా అంటే మన కృష్ణా డెల్టా కాదులెండి, మీ బెస్ట్ ల్యాప్ కంటే ఇప్పుడు ఎంత ముందున్నారో, వెనకున్నారో చూపే అంకె.

రోడ్డు మీద పరిచే రంగు గీత రెండు రోజులకు మించి వద్దు. అది ఉంటే కళ్లు కారు ముక్కు దగ్గరే ఉండిపోతాయి. చూడాల్సింది మలుపు లోపలి అంచు, ఆ తర్వాత బయటికి వచ్చే దారి. ఏబీఎస్, ఆటోమేటిక్ గేర్లు మాత్రం మొదట్లో పెట్టుకోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తెర సెట్టింగ్ ఒకటి తప్పక సరిచేయాలి, అది ఫీల్డ్ ఆఫ్ వ్యూ. 24 అంగుళాల మానిటర్‌కు రెండడుగుల దూరంలో కూర్చుంటే లెక్క ప్రకారం నిలువు కోణం 28 డిగ్రీల దగ్గర వస్తుంది. మొదట కిటికీలోంచి చూస్తున్నట్టు ఇరుకుగా ఉంటుంది. నాలుగు రోజులు ఓపిక పట్టండి. దూరాలు నిజంగా ఉన్నట్టు కనిపిస్తాయి, బ్రేక్ గుర్తులు కుదురుతాయి. దీనికి రూపాయి ఖర్చు లేదు, అందుకే దీని గురించి గొడవ చేసేవాళ్లూ తక్కువ.

నన్నడిగితే ఇప్పటిదాకా వచ్చిన ట్యుటోరియల్స్‌లో మంచిది వీడియోనే కాదు. గ్రాన్ టురిస్మోలో 1997 నాటి మొదటి గేమ్ నుంచీ ఉన్న లైసెన్స్ టెస్టులు. ఒక చిన్న ముక్క రోడ్డు ఇచ్చి, ఇన్ని సెకన్లలో పూర్తి చేయమంటుంది. చేయలేకపోతే మళ్లీ. చెప్పేది తక్కువ, చేయించేది ఎక్కువ. ప్లేస్టేషన్ ఉన్నవాళ్లు గ్రాన్ టురిస్మో 7లో వాటిని వదిలేసి నేరుగా రేసుల్లోకి పోవడం చూస్తే బాధేస్తుంది.

స్పీడ్ టెస్ట్ అంకె చూసి మురిసిపోవద్దు

నెల తర్వాత ఆన్‌లైన్ రేసుకు వెళ్తారు. "మాది వంద ఎంబీపీఎస్ ఫైబర్ అన్నా" అంటారు. రేసుకు కావాల్సింది అది కాదు. ఎంత త్వరగా కబురు వెళ్లి వస్తుందన్నది కావాలి, అంటే పింగ్. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. జర్మనీలో ఉన్న సర్వర్ మనకు ఏడు వేల కిలోమీటర్ల దూరం అనుకుంటే, వెళ్లి రావడానికే 70 మిల్లీసెకన్లు. ఇది దారి నేరుగా ఉంటే. నిజంలో కేబుళ్లు చుట్టూ తిరిగి వస్తాయి కాబట్టి ఇంకా ఎక్కువ. 150 మిల్లీసెకన్లు అయిందనుకోండి, 200 కిలోమీటర్ల వేగంలో ఆ లోపు కారు ఎనిమిది మీటర్లు దాటిపోతుంది. అంటే దాదాపు రెండు కార్ల పొడవు. పక్కవాడిని తగల్లేదని మీరనుకుంటారు, వాడి తెర మీద మీరు వాడిని గుద్దేసి ఉంటారు.

కాబట్టి దగ్గరి సర్వర్లు ఎంచుకోండి, వైఫై వదిలి ల్యాన్ వైరు పెట్టండి, ఫోన్ హాట్‌స్పాట్‌తో రేసుకు దిగొద్దు. మోడెమ్‌కు చిన్న యూపీఎస్ ఉంటే మంచిది. ఎండాకాలం కరెంటు సంగతి మీకు తెలుసు. ఐరేసింగ్‌లో గుద్దుకుంటే తప్పు ఎవరిదని విచారించదు, ఇద్దరికీ పాయింట్లు పడతాయి. అన్యాయంలా అనిపిస్తుంది కానీ, పక్కవాడు తప్పు చేయొచ్చని ముందే చూసుకుని నడపడం అలా అలవాటవుతుంది.

వీల్ కొనే రోజు వస్తే

రెండు నెలలు నిలబడ్డారు, ఇంకా ఆసక్తి ఉంది. ఇప్పుడు కొనండి, సంతోషంగా కొనండి. కానీ డబ్బు వీల్ మీద కంటే బ్రేక్ పెడల్ మీద పెట్టండి. మామూలు పెడల్ ఎంత దూరం కిందికి పోయిందో కొలుస్తుంది. లోడ్ సెల్ ఉన్న పెడల్ ఎంత బలంగా నొక్కారో కొలుస్తుంది. కాలికి దూరం కంటే బలం బాగా గుర్తుంటుంది.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ టేబుల్ ఊగుతుందేమో ముందు చూసుకోండి. చక్రాల కుర్చీ అయితే బ్రేక్ నొక్కిన ప్రతిసారీ వెనక్కి పోతుంది. దాని చక్రాలను పాత బూట్లలో పెడితే కదలదు, పెడల్స్‌ను గోడకు ఆనించి పెట్టండి. బందరు, నాగాయలంక లాంటి ఉప్పు గాలి ఊళ్లలో ఆడనప్పుడు గుడ్డ కప్పి ఉంచడం మరవొద్దు. పెడల్‌లో దుమ్ము, తేమ చేరితే నొక్కకుండానే బ్రేక్ పడుతుంది. అప్పుడు తప్పు మీదో, పెడల్‌దో తెలియక జుట్టు పీక్కోవాలి.

ఇంతా చేసి ఏం వస్తుంది?

ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్నే. 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించాక ఆన్‌లైన్ గేమ్ అంటేనే పెద్దవాళ్లకు డబ్బు పోయే యవ్వారం అన్న భయం ఉంది. ఇది ఆ జాతి కాదని కూర్చోబెట్టి చూపించండి, టైమ్ కూడా చెప్పి ఆడండి. రోజుకు నలభై నిమిషాలు చాలు. అలసిపోయాక తిప్పే ల్యాప్‌లతో తప్పులే అలవాటవుతాయి.

బ్రిటన్ కుర్రాడు జాన్ మార్డెన్‌బరో 2011లో జీటీ అకాడమీ గెలిచి, 2013లో లే మాన్స్ 24 గంటల రేసులో తన తరగతిలో మూడో స్థానం దాకా వెళ్లాడు. అతని కథే 2023లో సినిమాగా వచ్చింది. అది నిజమే. కానీ ఆ ఒక్క పేరు చూపించి గుడివాడ కుర్రాడికి కల అమ్మడం నాకు ఇష్టం లేదు. ఎక్కువమందికి దక్కేది వేరు: దూరం చూడటం, ముందే నిర్ణయం తీసుకోవడం, తొందర లేకుండా బ్రేక్ వేయడం, తన తప్పును అంకెల్లో చదవడం. 216 జాతీయ రహదారి మీద రాత్రిపూట బైకులతో పందేలు వేసే వయసువాళ్లకు వేగం తీర్చుకునే చోటు ఒకటుండాలి. సిమ్‌లో గుద్దితే రీసెట్ ఉంది. పులిగడ్డ వంతెన మీద లేదు. సిమ్‌లో బాగా నడిపినవాడు రోడ్డు మీద నిదానంగా ఉండాలి. వేగం రోడ్డు మీదికి తెస్తే వాడు నేర్చుకున్నది సగమే.

చివరిగా ఒక కోరిక. తెలుగులో నాకు కనిపించిన సిమ్ రేసింగ్ వీడియోల్లో ఎక్కువ అన్‌బాక్సింగ్‌లే. బండి మాత్రమే తెలిసిన మనిషికి కారు బరువు ఎలా కదులుతుందో మొదటి నుంచి చెప్పే పాఠం ఇంకా రావాలి. దానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఉచితంగా దొరికే ఓబీఎస్‌తో తెర రికార్డు చేయొచ్చు. ఆరు నెలలు నేర్చుకున్న బందరు కుర్రాడో, అవనిగడ్డ అమ్మాయో ఒక మలుపు, ఒక బ్రేక్ గుర్తు, పది నిమిషాలు మన మాటల్లో చెబితే చాలు. మొదటి వీడియోలో వీల్ పేరు మాత్రం చెప్పకండి. రెండోదాంట్లో చెప్పుకోవచ్చు.